ఎండాకాలంలో మారథాన్ శిక్షణ: పేస్ ఎంత తగ్గించాలి, నీళ్లెంత, ఉప్పెంత?

తొలి_అడుగు
పోటీకి 16 వారాలుంది, అందులో మొదటి 10 వారాలు నడి వేసవే. బరువు 60 కిలోలు. చల్లని రోజుల్లో తేలిక పరుగు పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, 6:00 నిమిషాలు. ఇప్పుడు తెల్లవారుజామున 5 గంటలకు 27 డిగ్రీలు, తేమ 90 శాతం. అదే పేస్‌కి గుండె రేటు 15 ఎక్కువ చూపిస్తోంది, గంట దాటాక ఇంకా పైకి పాకుతోంది. పేస్ ఎంత తగ్గించాలి? వారానికోసారి చేసే పొడవాటి పరుగు, లాంగ్ రన్, ఎలా పెంచాలి? సాయంత్రం తేమ 54 శాతానికి దిగుతుంది కాబట్టి అప్పుడు పరిగెత్తడం మేలా? తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెప్పండి.

మైలురాయి_42
ముందు వేడి లెక్క చూద్దాం, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు ఇంచుమించు ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి గంటకు 10 కిలోమీటర్లు పరిగెత్తితే 600. అందులో కనీసం ముప్పావు వంతు, అంటే 450 కిలోక్యాలరీలు, ఒంట్లో వేడిగా మారుతుంది. ఆ బరువున్న ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 50 చాలు. వేడి బయటికి పోయే దారే లేకపోతే దాదాపు ఏడు నిమిషాలకొక డిగ్రీ ఎక్కుతుందన్నమాట.

దాన్ని ఆపేది చెమట. లీటరు చెమట ఒంటి మీద ఆవిరైతే 580 కిలోక్యాలరీలు పట్టుకుపోతుంది. ఆవిరైతేనే. మోచేతి నుంచి బొట్లుబొట్లుగా కారిపోయిన చెమట వల్ల నీరూ ఉప్పూ పోవడమే తప్ప ఒళ్లు చల్లబడదు. మీరు చెప్పిన 27 డిగ్రీలు, 90 శాతం అంటే డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి మంచుబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 25. ఆ గాలి అప్పటికే నీటి ఆవిరితో నిండి ఉంది, మీ చెమటను తీసుకునే చోటు తక్కువ. అందుకని శరీరం చర్మానికి మరింత రక్తం పంపుతుంది, కాళ్లకీ రక్తం కావాలి, చెమట వల్ల రక్తంలో నీరు తగ్గుతూ ఉంటుంది. ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు గుండె తోసే రక్తం తగ్గేసరికి అది మరిన్నిసార్లు కొట్టుకుంటుంది. మీ గుండె రేటు పైకి పాకడానికి కారణం అదే. ఫిట్‌నెస్ పడిపోయిందని కంగారు పడకండి.

సాయంత్రం సంగతి: ఒకే చోట, ఒకే రోజు, గాలి మారకపోతే డ్యూ పాయింట్ పెద్దగా మారదు. మారేది శాతమే. పొద్దున 27 డిగ్రీల దగ్గర 90 శాతం ఉన్న గాలే 36 డిగ్రీలకు వేడెక్కితే 54 శాతం అని చూపిస్తుంది. అందులో నీటి ఆవిరి అంతే ఉంది. చెమట ఆరడానికి అదనంగా దొరికిందేమీ లేదు, పైగా వేడి గాలి, ఎండ, కాగిన రోడ్డు తోడయ్యాయి. కాబట్టి తెల్లవారుజామే మేలు. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు తేమ శాతం వదిలేసి డ్యూ పాయింట్ చూడటం అలవాటు చేసుకోండి. 15 లోపు హాయి, 20 దాటితే ఉక్క తెలుస్తుంది, 24 దాటితే ఆ రోజు వేగం మాట వదిలేయాలి.

గాలివాటు
మైలురాయి గారి మాటకు ఒక చేర్పు. తెల్లవారుజామున గాలి ఆడదు. సాయంత్రం గాలి వీచే చోటైతే, ఎండ పూర్తిగా దిగాక, చిన్న పరుగులకు బాగానే ఉంటుంది. గాలి కదిలితే ఒంటి చుట్టూ పట్టుకున్న తడి పొర చెదిరి చెమట ఆరుతుంది. దారి ఎంచుకునేటప్పుడు ఇళ్ల మధ్య సందులు కాకుండా గాలి తగిలే బయలు చూసుకోండి. గాలికి ఎదురుగా మొదలుపెట్టడం మన అలవాటు కదా, వేసవిలో తిప్పండి. ముందు గాలితో పాటు వెళ్లి, ఒళ్లు వేడెక్కాక ఎదురుగాలిలో తిరిగి రండి.

ఎండ లేదు కదా అని నిశ్చింతగా ఉండటం మాత్రం పొరపాటు. 2019లో దోహాలో ప్రపంచ చాంపియన్‌షిప్ మహిళల మారథాన్ అర్ధరాత్రి మొదలుపెట్టారు. 68 మంది బయలుదేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. అక్కడ వాళ్లను ఆపింది ఎండ కాదు, ఉక్క.

నిదానమే_వేగం
పేస్‌కి కోచ్‌లు వాడే ఒక మోటు లెక్క ఉంది. ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండూ సెల్సియస్‌లో కూడండి. 42 వస్తే 3 శాతం నెమ్మది, 48 అయితే 4.5 శాతం, 53 అయితే 6, 59 అయితే 8, 64 అయితే 10. 64 దాటితే ఆ రోజు గట్టి పరుగు వద్దు. మీది 27, 25 కలిపి 52, అంటే సుమారు 5.5 శాతం. 360 సెకన్లకు 20 సెకన్లు. 6:00 కాస్తా 6:20 అవుతుంది.

నాడిపట్టీ
ఆ లెక్క మొదటి కిలోమీటరుకు పనికొస్తుంది, పదిహేనో కిలోమీటరుకు పనికిరాదు. ఆ కూడికలో మనిషి లేడు. 80 కిలోల వాడికీ 50 కిలోల వాడికీ ఒకే శాతం ఎలా సరిపోతుంది? బరువు పెరిగేకొద్దీ పుట్టే వేడి పెరుగుతుంది, దానికి తగ్గట్టు చర్మం వైశాల్యం పెరగదు. పైగా వేడికి అలవాటు పడినవాడు వేరు, కొత్తవాడు వేరు.

నా సలహా గుండె రేటుకు పైకప్పు పెట్టుకోవడం. చల్లని రోజుల్లో తేలిక పరుగుకు మీకు 145 ఉంటే, వేసవిలో మొదటి అరగంట 145 దాటనివ్వకండి, ఆ తర్వాత 150 దాకా ఒప్పుకోండి. దాటితే నడవండి, 10 దిగాక మళ్లీ పరిగెత్తండి. పేస్ 6:40కి పడినా, 7:00కి పడినా సరే. గుండె చేసే పని అంతే ఉంది కాబట్టి తేలిక పరుగు ఇవ్వాల్సిన లాభం ఎక్కడికీ పోదు.

ఒక జాగ్రత్త. చేతి గడియారం వెనక వెలుగుతో కొలిచే సెన్సర్ చెమటలో జారి, ఒక్కోసారి అడుగుల లెక్కనే నాడిగా చూపిస్తుంది. తేలిక పరుగులో 170–180 దగ్గర అలాగే నిలబడిపోతే అనుమానించండి. గడియారాన్ని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైకి జరిపి బిగించండి. ఛాతీకి కట్టుకుని నాడి కొలిచే పట్టీ అయితే పెట్టుకునే ముందు ఒంటికి తగిలే ఎలక్ట్రోడ్లు నీళ్లతో తడపండి, పరుగయ్యాక మంచినీళ్లతో కడగండి. ఉప్పు పేరుకుంటే నెలలోనే పిచ్చి అంకెలు చూపిస్తుంది.

నిదానమే_వేగం
ఒప్పుకుంటాను. కూడికతో మొదలుపెట్టి గుండె రేటుతో నడిపించడం సరైనది.

చెమటలెక్క
వేడికి ఒంటిని అలవాటు చేయడం గురించి. ఇది 10 నుంచి 14 రోజుల పని. మొదటి 3–5 రోజుల్లో రక్తంలో ద్రవ భాగమైన ప్లాస్మా పెరుగుతుంది, గుండె రేటు దిగడం మొదలవుతుంది. వారం దాటాక చెమట త్వరగా మొదలై ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రెండో వారం చివరికి అదే పేస్‌కి గుండె రేటు తేడా మీకే కనిపిస్తుంది.

చేసే విధానం: మొదటి మూడు రోజులు 30–40 నిమిషాలు, చాలా తేలికగా. తర్వాత 60 నిమిషాలు, పదో రోజుకు 90. రోజూ, లేదా ఒక్క రోజుకు మించి విడవకుండా. ఒళ్లు వేడెక్కి ధారగా చెమట పట్టాలి, అంతే కావాల్సింది. ఆ రెండు వారాలు ఇంటర్వెల్స్ (విరామాలిస్తూ చేసే వేగం పరుగులు), టెంపో (ఆపకుండా గట్టి వేగంతో పరుగు) బయట పెట్టకండి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. వేడి కొత్త, వేగం కూడా కావాలంటారు, అయిదో రోజుకు నిద్ర చెడి, నీరసపడి వారం పోగొట్టుకుంటారు.

పొద్దున చల్లగా ఉండి వేడి దొరకనివాళ్లకు వేరే దారి ఉంది: తేలిక పరుగు అయిన వెంటనే 40 డిగ్రీల నీటి తొట్టిలో మెడ దాకా 40 నిమిషాలు, వరుసగా 6 రోజులు. మొదటి రోజు 15–20 నిమిషాలతో ఆపండి. లేచేటప్పుడు రక్తపోటు పడి కళ్లు తిరుగుతాయి, ఇంట్లో మరో మనిషి లేకుండా చేయకండి. బీపీ, గుండె జబ్బు, గర్భం ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

తొలి_అడుగు
చాలా ఉపయోగం. ఇప్పుడు నీళ్ల లెక్క చెప్పండి. గంటకు లీటరు తాగమని ఒకరు, దాహం వేస్తేనే తాగమని ఒకరు అంటున్నారు.

చెమటలెక్క
మీ చెమట కొలవకుండా ఎవరు చెప్పిన అంకె అయినా ఊహే. కొలవడం సులువు. పరుగుకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా 100 గ్రాముల తేడా చూపించే తూకం మీద నిలబడండి. బాటిల్‌ను కూడా తూచండి. పరుగయ్యాక తల, ఒళ్లు పొడి తువ్వాలుతో బాగా తుడుచుకుని మళ్లీ బట్టల్లేకుండా తూగండి. తడి షార్ట్స్‌తో తూగితే పావు కిలో దాకా తప్పు చూపిస్తుంది.

ఉదాహరణకు ముందు 60.0, తర్వాత 58.9. తాగింది 400 మిల్లీలీటర్లు. పోయింది 1.1 + 0.4, మొత్తం 1.5 లీటర్లు. పరుగు 75 నిమిషాలు కాబట్టి గంటకు 1.2 లీటర్లు. మధ్యలో మూత్రానికి వెళ్తే అది తీసేయాలి. ఆ రోజు ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, పేస్ పక్కన రాసుకోండి. వేరువేరు వాతావరణాల్లో మూడు నాలుగుసార్లు కొలిస్తే మీ సొంత పట్టిక తయారవుతుంది.

పోయినదంతా పరుగులోనే పూడ్చక్కర్లేదు. బరువులో 2 శాతం దాకా తగ్గినా ఫర్వాలేదు, మీకైతే 1.2 కిలోలు. రెండు గంటల పరుగులో 2.4 లీటర్లు పోతే గంటకు 600 మిల్లీలీటర్లు సరిపోతాయి, 15 నిమిషాలకు 150 చొప్పున. పరుగయ్యాక తగ్గిన ప్రతి కిలోకీ 1.25 నుంచి 1.5 లీటర్లు, తిండితో పాటు, నాలుగైదు గంటల్లో మెల్లగా. ఒక్కసారి గటగటా తాగితే సగం మూత్రంలోకే పోతుంది.

రోజూ పొద్దున లేవగానే తూగడం మరీ ముఖ్యం. మూడు రోజులు వరుసగా దిగుతూ, మొత్తం 1 శాతం మించి తగ్గితే, మూత్రం ముదురు పసుపులో ఉంటే, ముందు రోజుల బాకీ తీరలేదని అర్థం. ఆ రోజు లాంగ్ రన్ వాయిదా వేయండి.

ఉప్పుకల్లు
ఉప్పు లెక్క నేను చెప్తాను. లీటరు చెమటలో సోడియం 200 మిల్లీగ్రాముల నుంచి 2000 దాకా ఉంటుంది, ఎక్కువమందికి 900 దగ్గర. ఆరిన టోపీ మీద, భుజాల దగ్గర తెల్లటి చారలు మందంగా కడితే మీరు ఎక్కువ పోగొట్టుకునే రకం. గంటన్నర లోపు పరుగుకు మామూలు నీళ్లు చాలు. అంతకు మించితే లీటరు నీటికి చక్కెర 60 గ్రాములు, ఉప్పు ఒకటిన్నర గ్రాములు. టీస్పూన్‌లో పావు వంతు ఉప్పు, టేబుల్ స్పూన్‌తో 5 స్పూన్ల చక్కెర. సోడియం 590 మిల్లీగ్రాములు, పిండిపదార్థం 6 శాతం వస్తుంది. చక్కెర 8 శాతం దాటితే కడుపులోనుంచి త్వరగా దిగక వికారం పెడుతుంది. ఉప్పు స్పూన్‌తో కాకుండా తూచి వేయడం మంచిది, కల్లుప్పుకూ పొడి ఉప్పుకూ స్పూన్ కొలత ఒకటి కాదు.

ఓఆర్ఎస్ పొట్లం పరుగయ్యాక బాగా పనిచేస్తుంది, కానీ లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే కాబట్టి పరుగులో శక్తికి చాలదు. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, చిక్కగా చేయకండి.

బాటసారి
ఉప్పు బిళ్లలు గంటకొకటి వేసుకుంటే పిక్కలు పట్టేయవు అంటారు కదా?

ఉప్పుకల్లు
పిక్కలు పట్టేయడానికి ఎక్కువసార్లు అలసిపోయిన కండరమే కారణం, ఉప్పు ఒక్కటే కాదు. పట్టేస్తే ఆగి, మోకాలు చాచి పాదం వేళ్లను మీ వైపు లాగి అర నిమిషం పట్టుకోండి. బిళ్లలతో ఇంకో చిక్కుంది. బిళ్ల వేసుకున్నాం కదా అన్న ధైర్యంతో నీళ్లు ఎక్కువ తాగేస్తారు.

ప్రథమ_చికిత్స
ఈ మాట గట్టిగా చెప్పాలి. అతిగా తాగడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్ కంటే దిగితే హైపోనాట్రీమియా. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో ఇది కనిపించింది. పరుగులో బరువు పెరిగినవాళ్లలో, నాలుగు గంటలకు పైగా పట్టినవాళ్లలో ఎక్కువ. గుర్తులు: వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, కడుపు నీళ్లతో గుడగుడలాడటం, తలనొప్పి, వాంతి, ఆ తర్వాత మతి తప్పడం, మూర్ఛ. అలాంటివాళ్లకు ఇంకా నీళ్లు పట్టించకండి. ఆసుపత్రిలో 3 శాతం సెలైన్ (గాఢమైన ఉప్పు నీరు) ఎక్కిస్తారు. పరుగు తర్వాత బరువు ముందుకంటే పెరిగిందంటే, అది ఎంత చిన్న పెరుగుదలైనా మీరు అతిగా తాగారనే. పరుగుకు ముందు ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా వద్దు, వేడిలో కిడ్నీ మీద భారం, సోడియం పడే ముప్పు రెండూ పెరుగుతాయి.

ఇక వడదెబ్బ. పరుగులో వచ్చే వడదెబ్బలో చర్మం పొడిగా ఉంటుందనుకోవడం తప్పు, ఒళ్లంతా చెమటతో తడిసే ఉండొచ్చు. చూడాల్సింది మాట, నడక. తూలడం, సంబంధం లేని మాటలు, కోపం, ఛాతీ మీద పెట్టుకున్న పోటీ నంబరు (బిబ్) అడిగితే తడబడటం. నుదురు, చంక, చెవి దగ్గర కొలిచిన ఉష్ణోగ్రత నమ్మకండి, లోపల 41 ఉన్నా అక్కడ 38 చూపించవచ్చు. సరైన కొలత మలద్వారం దగ్గరే. అది కుదరకపోతే మతి తప్పిన రన్నర్‌ని వడదెబ్బగానే భావించి పని మొదలుపెట్టండి.

ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. అంబులెన్స్‌కు ఒకరు ఫోన్ చేస్తూ ఉండగానే మిగతావాళ్లు తొట్టిలో చల్లటి నీళ్లు, ఐస్ నింపి మనిషిని మెడ దాకా దించాలి. చంకల కింద నుంచి దుప్పటి చుట్టి వెనక ఒకరు పట్టుకుంటే తల మునగదు. నీటిని చేత్తో కలుపుతూనే ఉండాలి, లేకపోతే ఒంటి చుట్టూ నీరు వేడెక్కి అక్కడే నిలబడుతుంది. ఇలా చేస్తే అయిదు నిమిషాలకు ఒక డిగ్రీ దాకా దిగుతుంది. మొదటి 30 నిమిషాల్లోపు 40 కిందికి తేవాలి, 39 దగ్గర బయటికి తీయాలి. తొట్టి లేకపోతే ఐస్ నీటిలో ముంచిన తువ్వాళ్లు తల నుంచి కాళ్ల దాకా పరిచి, రెండు నిమిషాలకోసారి మారుస్తూ, గాలి తగిలేలా విసురుతూ ఉండండి. స్పృహ సరిగా లేనివాళ్లకు నోట్లో ఏమీ పోయకండి. పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు, ఇది జ్వరం కాదు. కోలుకున్నా కనీసం వారం పూర్తి విశ్రాంతి, డాక్టర్ చూసి సరేనన్నాకే పరుగు.

గమ్యం దాటి ఆగాక కూలబడి, మాట సరిగ్గా ఉన్నవాళ్ల సంగతి వేరు. కాళ్లు ఆగేసరికి రక్తం కిందే నిలిచిపోతుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే చాలాసార్లు నిమిషాల్లో తేరుకుంటారు. పరుగు మధ్యలో పడిపోయినవాళ్లనే ఎక్కువ అనుమానించాలి.

జ్వరం, విరేచనాలు తగ్గి మూడు రోజులైనా కాకుండా వేడిలో పరుగు వద్దు. అలర్జీ మాత్రలు, నీరు తీసే బీపీ మాత్రలు, బీటా బ్లాకర్లు వాడుతుంటే మీ డాక్టర్‌ను అడగకుండా వేసవి శిక్షణ మొదలుపెట్టకండి.

నిదానమే_వేగం
లాంగ్ రన్ ప్రశ్న మిగిలిపోయింది. వేసవిలో కిలోమీటర్లతో కాకుండా సమయంతో రాసుకోండి. 90 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 10 నిమిషాలు పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గిస్తూ, రెండున్నర గంటల దగ్గర ఆపండి. అంతకు మించి కావాలనుకున్న రోజు రెండు ముక్కలు చేయండి: బయట రెండు గంటలు, ఆ వెంటనే ఫ్యాన్ కింద ట్రెడ్‌మిల్ మీద 40 నిమిషాలు. ఫ్యాన్ తప్పనిసరి. గంటకు 10 కిలోమీటర్ల పరుగులో సెకనుకు 2.8 మీటర్ల గాలి మీకు ఉచితంగా తగులుతుంది, ట్రెడ్‌మిల్ మీద అది లేదు. ఫ్యాన్ లేని గది బయటి కంటే ఘోరం.

దారి 3–4 కిలోమీటర్ల చుట్టుగా ఉండాలి, బాటిళ్లు ఒకచోట పెట్టుకోవచ్చు, ఆగాలనిపిస్తే ఇల్లు దగ్గర. బాటిల్‌లో సగం నీళ్లు పోసి, అడ్డంగా పడుకోబెట్టి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి, పొద్దున పైన నీళ్లు నింపండి. నిలబెట్టి గడ్డకట్టిస్తే కింద ముద్దగా ఉండి కరగదు, అడ్డంగా కట్టిన పలక చుట్టూ నీరు తిరిగి గంటన్నర దాకా చల్లగా వస్తుంది. 9 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక పద్ధతిని మొదటి నిమిషం నుంచే పాటించండి, అలసిపోయాక మొదలుపెడితే ఉపయోగం తక్కువ.

వేగం పనులు వారంలో డ్యూ పాయింట్ బాగా తక్కువున్న పొద్దున గానీ, చల్లటి గదిలో గానీ. 6 సార్లు 1000 మీటర్లకు బదులు 10 సార్లు 600, మధ్యలో విరామం ఒకటిన్నర రెట్లు. వేగం మారదు, వేడి పోగుపడదు.

బాటసారి
నెత్తిన నీళ్లు పోసుకోవడం?

గాలివాటు
పొడి గాలిలో చాలా మంచిది, పోసిన నీరు ఆవిరై చలవిస్తుంది. ఉక్కలో హాయిగా అనిపిస్తుందే గానీ ఒంటి లోపలి వేడి పెద్దగా తగ్గదు. హాయిగా ఉంది కదా అని వేగం పెంచడమే అక్కడ ప్రమాదం. ముందుకు వంగి మెడ వెనక పోసుకోండి, షూలోకి దిగకూడదు. నానిన పాదం పది కిలోమీటర్లలో బొబ్బలెక్కుతుంది.

కాటన్ వద్దు, బరువెక్కి ఆరదు. పల్చటి, వదులైన సింథటిక్. తొడల లోపలి వైపు, చంకలు, చనుమొనలు, పట్టీ ఒరుసుకునే చోటు వాజిలీన్ దట్టంగా రాయండి. రెండు గంటలు దాటితే మళ్లీ రాయాలి. షూ జతలు రెండు ఉంచుకోండి, కాగితాలు కుక్కి ఆరబెట్టినా తడి పూర్తిగా పోవడానికి రోజు పైనే పడుతుంది.

ఉప్పుకల్లు
పరుగులో శక్తికి మింగే చిక్కటి చక్కెర పొట్లాలు, జెల్స్, గురించి ఒక్కమాట. వేడిలో పేగులకు రక్తం తగ్గుతుంది, చల్లని రోజున అరిగిన జెల్ ఇప్పుడు తిప్పుతుంది. ఒక జెల్‌కు 150–200 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు తాగండి, చక్కెర నీళ్లతో కలపొద్దు. గంటకు 30 గ్రాముల పిండిపదార్థంతో మొదలుపెట్టి వారాల మీద 60కి తీసుకెళ్లండి.

తొలి_అడుగు
అందరికీ కృతజ్ఞతలు. చివరి ప్రశ్న: అయిదో వారంలో 6 రోజులు పూర్తిగా ఏసీలోనే గడపాల్సి వస్తుంది, పరుగు ట్రెడ్‌మిల్ మీదే. వేడి అలవాటు మొత్తం పోతుందా?

చెమటలెక్క
పోదు. వేడి తగలని ప్రతి రోజుకూ సుమారు 2.5 శాతం చొప్పున కరుగుతుంది, 6 రోజులకు 15 శాతం. మూడు నాలుగు వారాలు వదిలేస్తేనే మళ్లీ మొదటికొస్తుంది, అప్పుడు కూడా రెండోసారి త్వరగానే అందుకుంటుంది. ఆ వారంలో ఒక రోజు ట్రెడ్‌మిల్ తేలిక పరుగును పల్చటి పొడుగు చేతుల జాకెట్‌తో 45 నిమిషాలు చేయండి, పక్కన మనిషి ఉండగా. తిరిగొచ్చాక మొదటి రెండు రోజులు 45 నిమిషాలే, గుండె రేటుకు 145 పైకప్పు కచ్చితంగా. మూడో రోజు చెమట మళ్లీ కొలవండి. మీ పాత అంకె దగ్గరికి, పై ఉదాహరణలో అయితే గంటకు 1.2 లీటర్ల దగ్గరికి, వస్తే ఆ వారాంతమే లాంగ్ రన్ పెట్టుకోవచ్చు. 1.0 దగ్గరే ఉంటే ఇంకో మూడు రోజులు ఆగండి.